పోగు లేవని కోడిపుంజు

ఆ వేసవి అంతా ఇసాక్ పెనర్ పొలం ప్యాంటు వెనక ఒక ఎర్ర కోడిపుంజు ఉండేది. ఊరందరికీ ఆ సంగతి తెలుసు. ఇసాక్‌కి చెప్పిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. చెబితే తీసేస్తాడు. తీసేస్తే మాకు సోమవారాలు పొద్దెలా పోతుంది?

దాన్ని అక్కడ కుట్టింది అతని భార్య నేటా. బడిలో ఆమె పక్కన కూర్చున్నాను, ఇప్పుడు పక్కింట్లో ఉంటున్నాను, కాబట్టి ఆమె గురించి చెప్పే హక్కు నాకుంది. ఆమె చెడ్డదని నేను చెప్పను. మంచిదని చెబితే ఆమే ఒప్పుకోదు. కొత్త కోడలుగా వచ్చిన మొదటి నెలలోనే, ఇసాక్ అక్క హెలెనా వంటింటి ఏప్రన్ జేబుకి అడుగున కుట్టు విప్పేసింది. హెలెనా ఆ జేబు నిండా పొద్దుతిరుగుడు గింజలు పోసుకుని, మెడ నిటారుగా పెట్టుకుని వీధిలో నడిచి వెళ్ళింది. గింజలు దారి పొడవునా రాలాయి. చర్చి గేటు దగ్గరికి చేరేసరికి ఆమె వెనకాల ఊళ్ళో కోళ్ళన్నీ ఊరేగింపుగా ఉన్నాయి. "ఎవరి పని ఇది?" అని హెలెనా గర్జిస్తే, నేటా తలవంచుకుని, "కోళ్ళ పనే అయ్యుంటుంది వదినా" అంది.

ఆ వదినా మరదళ్ళ మధ్య అప్పట్నుంచీ ఈ పోరు నడుస్తూనే ఉంది. కానీ ఒక్క చోట మాత్రం ఇద్దరూ నోరు మూసుకుని ఒద్దికగా ఉండేవారు. అది మా చర్చి నేలమాళిగలో, బొంతని బిగించి కుట్టే చట్రం ముందు.

కెనడాలో మానిటోబా దక్షిణాన, మెన్నోనైట్లనే మా క్రైస్తవ శాఖ ఊళ్ళలో ఆడవాళ్ళు బొంతలు కుట్టడం ఎప్పటి నుంచో ఉంది. మంగళవారం మంగళవారం అందరం చేరతాం. ఏడాదికొక పెద్ద బొంత వేలానికి వెళుతుంది, ఆ వచ్చిన డబ్బూ, మిగతా బొంతలూ ఎక్కడో యుద్ధంలో ఇళ్ళు పోయినవాళ్ళకి చేరతాయి. చట్రం చుట్టూ ఎవరి కుర్చీ వాళ్ళది. మనిషి పోతే తప్ప కుర్చీ ఖాళీ కాదు. బొంత మీద బొమ్మలు అతికే పని, అంటే ఆప్లిక్ పని, హెలెనాది, నేటాది. గుడ్డని పువ్వులాగో పిట్టలాగో కత్తిరించి, అంచుని సూదిమొనతో లోపలికి తోస్తూ, మడత కింద కుట్టు దాచేస్తూ పోవాలి. నేటా చేత్తో కుట్టిన ద్రాక్షతీగ చూస్తే దాన్ని గుడ్డ మీద పెట్టారా, గుడ్డలోంచి మొలిచిందా అని అనుమానం వచ్చేది. నేను చట్రం దగ్గర లేను. నా కుట్టు ఒక్కసారి చూసి హెలెనా నన్ను కాఫీ పొయ్యి దగ్గరికి పంపింది, నేను బతుకుజీవుడా అనుకుని వెళ్ళాను.

ఇక్కడ హెలెనా గోరు గురించి చెప్పాలి. కుడి చేతి బొటనవేలి గోరు ఆవిడ కావాలని పెంచుతుంది. పూర్తయిన ప్రతి బొమ్మ అంచునీ ఆ గోటితో గీకి చూస్తుంది. ఒక్క పోగు లేచినా, ఆ ముక్క కుక్క పక్క కిందకి పోవాల్సిందే. మా ఊళ్ళో కుక్కలన్నీ మంచి మంచి గులాబీల మీద పడుకుంటాయి.

రెండు చలికాలాల కింద నేటా వేళ్ళ కణుపులు వాచాయి. మొదట దాచింది. తర్వాత సూది జారిపోవడం మొదలైంది. పక్క పట్నం వింక్లర్‌లో డాక్టరు చూసి, సూదిపని మానెయ్యమన్నాడు. "చెయ్యి కోసి అక్కడే పెట్టి వెళ్ళనా డాక్టరు గారూ?" అని అడిగి వచ్చింది. నవ్వుతూనే చెప్పింది నాకు. ఆ తర్వాత మా వంటింట్లో బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేటా ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం, నాకేం చెయ్యాలో తోచక ఆమె ముందు ఒక ప్లేటు నిండా పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు పెట్టాను. ఏడుస్తూనే మొత్తం తినేసింది.

అంచు మడవకుండా చేసే ఆప్లిక్ ఒకటుందని కుట్టుమిషన్ల దుకాణంలో ఎవరో చెప్పారట. ఒకవైపు జిగురు పూసిన కాగితాన్ని గుడ్డ వెనక ఇస్త్రీ చేసి అంటించి, బొమ్మ కత్తిరించి, కాగితం ఒలిచేసి, బొంత మీద పెట్టి మళ్ళీ ఇస్త్రీ చేస్తే అతుక్కుంటుంది. చుట్టూ మిషను మీద ఒక కుట్టు. వేళ్ళతో పట్టుకోవాల్సింది తక్కువ, నెట్టాల్సింది ఎక్కువ. నెట్టడానికి అరచెయ్యి చాలు. నేటా ఒక ఎర్ర కోడిపుంజు చేసి మంగళవారం పట్టుకొచ్చింది. మొహంలో చిన్నపిల్ల సంబరం.

హెలెనా దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. "అంచు ఏదే?"

"అంచు అదే వదినా. మడవలేదు."

"మడవని దాన్ని అంచు అనరు, చింపిన గుడ్డ అంటారు." గోరు పెట్టి ఒక్క గీకు గీకింది. పొడుగాటి పోగొకటి లేచింది. దాన్ని పట్టుకుని మెల్లగా లాగింది. లాగుతూనే ఉంది. అదైపోయాక ఇంకోటి. ఆవిడ ఆపేసరికి కోడిపుంజుకి తోక లేదు.

ఎవరో కిసుక్కున నవ్వారు. నేటా నవ్వలేదు.

"చూడు మరదలా, ఇది నీ మీద కోపం కాదు. ఈ బొంత ఎవరో బిడ్డ మీద కప్పుతారు, ఎన్నిసార్లో ఉతుకుతారు. పోగులూడిన బొంత పంపితే మన పరువేం కాను? నీ చేతులు బాగోలేవు, ఒప్పుకో. గ్రేటాకి కాఫీలో సాయం చెయ్యి."

ఆవిడ చెప్పింది తప్పు కాదు, అదే నాకు మండింది. నేటా నా పక్కకి వచ్చి కప్పులు తుడవసాగింది. నాకు కాఫీ పొయ్యి దగ్గర హాయిగా ఉంటుంది, ఆమెకి అది జైలు. చట్రం దగ్గర ఆమె కుర్చీ మీద ఎవరో కోటు పెట్టారు. తుడిచిన కప్పునే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ నేటా అటే చూసింది. ఉన్నట్టుండి గట్టిగా అడిగింది:

"వదినా! వేసవి అంతా వాడి, వారం వారం ఉతికిన తర్వాత కూడా నీ గోటికి పోగు లేవకపోతే?"

"లేవకపోతే నీ కుర్చీ నీది. నడిమి బొమ్మ కూడా నీదే." హెలెనా తలెత్తకుండానే అంది. "లేస్తే కప్పులు బాగా తుడువు."

ఇంటికి వెళ్తూ దారిలో నేటా నన్ను అడిగింది, "గ్రేటా, ఊళ్ళో అన్నిటికంటే ఎక్కువ ఒరిపిడి దేనికే?"

"తలుపు ముందు గోనెపట్టాకి."

"కాదే. కుదురుగా కూర్చోలేనివాడి వెనక భాగానికి. మా ఆయన ట్రాక్టరు మీద కూర్చుంటే అటూ ఇటూ మెసులుతాడు, కాఫీ కొట్లో కూర్చుంటే మెసులుతాడు, తిండి బల్ల దగ్గర మెసులుతాడు. నాకింతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?"

"ఒప్పుకుంటాడా?"

"అడిగితే కదా ఒప్పుకోకపోవడానికి!"

అడగలేని కారణం కూడా ఉంది. ఇసాక్ మా చర్చిలో పాట ఎత్తుకునే మనిషి. వేదిక మీద బల్ల మీద కూర్చుని, లేచి నిలబడి మొదటి వరుస అందుకుంటే, మిగతా వాళ్ళం వెనక లాగుతాం. పెద్దమనిషి. అలాంటి మనిషి వెనక కోడేమిటి? అయితే నెమ్మదస్తుడు. నలుగురు నవ్వితే తనూ నవ్వేస్తాడు, ఎందుకని అడగడు. మా ఊళ్ళో ఆదివారం వేసుకునే నల్ల ప్యాంటు పాతబడితే పొలానికి వేసుకుంటారు. అలాంటి పాత నల్ల ప్యాంటు మీద, సరిగ్గా కూర్చునే చోట, నేటా కొత్త కోడిపుంజుని నిలబెట్టింది.

మొదటి కోడి వారం తిరక్కుండానే పాడైంది. సోమవారం ఊరంతా బట్టలుతికి ఆరేసే రోజు. నేటా దండెం రోడ్డు పక్కనే. ఆ పొద్దున కొట్టుకని బయల్దేరిన వాళ్ళంతా, కొట్టు ఇటు లేకపోయినా, ఇటు నుంచే వెళ్ళారు. కోడికి ఒళ్ళంతా గడ్డం మొలిచి ఉంది.

"నేటా, మీ కోడికి క్షవరం చేయించు!" అని ఒకామె కారులోంచి అరిచింది.

"చేయిస్తాలే, ముందు మీ ఆయనకి చేయించుకుని రా!"

తప్పు ఎక్కడుందో ఆమెకి నాలుగు రోజులు ఆలోచిస్తే గానీ తెలియలేదు. ముక్క బిరుసుగా ఉండకూడదని జిగురు కాగితాన్ని బొమ్మ కంటే కాస్త లోపలికి కత్తిరించింది. దాంతో అంచు పోగులకి పట్టు లేకుండా పోయింది. పైగా అది పల్చటి నేత ఉన్న ఫ్లానెల్ గుడ్డ.

రెండో కోడికి అంచు చుట్టూ సీసాలోది ఏదో మందు రాసింది. పోగులు కదల్లేదు, నిజమే. కానీ ఎండాక అంచు చేపముల్లులా తయారైంది. ఆ వారం ఇసాక్ ధాన్యం గోదాము పక్కన కాఫీ కొట్లో ఎంత మెసిలాడంటే, పక్కన కూర్చున్న ముసలాయన, "ఇసాకూ, ఏదైనా కుట్టిందా?" అని అడిగాడు. "కుట్టిందిలే" అన్నాడట ఇసాక్, కప్పులోకి చూస్తూ. కొట్టంతా ఘొల్లుమంది. మా వాళ్ళు పందేలు కాయడం తప్పు కనక, ఈ కోడి ఎన్నాళ్ళుంటుందో అని పొద్దుతిరుగుడు గింజలు మాత్రమే కాశారు. రెండో కోడి పోయిన రోజు ఒకాయన జేబులు రెండూ నింపుకుని ఇంటికెళ్ళాడు.

మూడో కోడికి నేటా తొందరపడలేదు. మా అమ్మ నాకిచ్చిన పాత దిండు గలీబు, పేక పడుగు చిక్కగా ఉన్న గుడ్డ, అడక్కుండా తీసుకెళ్ళి ఎర్ర రంగు వేసింది. దాని మీద మా అమ్మ కుట్టిన పేరు కూడా ఉంది, ఆ పేరు కోడి పొట్ట కిందకి వెళ్ళిపోయింది, నేను ఇంకా క్షమించలేదు. ముందు జిగురు కాగితాన్ని గుడ్డ మొత్తానికీ ఇస్త్రీ చేసి, ఆ తర్వాత రెండూ కలిపి పదునైన కత్తెరతో కోసింది. అలా కోస్తే జిగురు చివరి పోగు దాకా ఉంటుంది. తోకని ఐమూలగా కోసింది. నిలువుగా కోసిన అంచు దగ్గర పోగు పొడుగ్గా జారిపోతుంది, ఐమూలగా కోస్తే పొట్టి పొట్టి పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వాడి మొనలన్నీ గుండ్రం చేసింది, ఎందుకంటే ఊడటం మొదలయ్యేది మొనల దగ్గరే. చివరికి అంచుని పట్టుకుని చిన్న చిన్న జిగ్‌జాగ్ కుట్టు, దగ్గర దగ్గరగా.

"కోడిలా లేదే, బాతులా ఉంది" అన్నాను.

"ఊడకుండా ఉంటే గుర్రమని చెప్పుకుంటాను, నీకేం?"

ఆ కోడి నిలిచింది. గడ్డి కోతలకి నిలిచింది, వానకి నిలిచింది, ఇసాక్ కంచె దాటుతూ ఇరుక్కుపోయిన రోజున ప్యాంటు చిరిగింది గానీ కోడి చెక్కు చెదరలేదు. సోమవారాలు హెలెనా కారు కూడా ఆ దండెం ముందు నెమ్మదించడం నేను కిటికీలోంచి చూశాను. ఆగేది కాదు. మెడ మాత్రం ఇటు తిరిగేది.

ఇక ఆ ఆదివారం.

మా చర్చిలో ఆడవాళ్ళం ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటాం. మౌన ప్రార్థన వస్తే అందరూ వెనక్కి తిరిగి, తాము కూర్చున్న బల్లకే ఎదురుగా మోకాళ్ళ మీద వంగుతారు. పాట ఎత్తుకునేవాళ్ళు వేదిక మీద మావైపు మొహం పెట్టి కూర్చుంటారు కనక, వాళ్ళు తిరిగి వంగితే వాళ్ళ వెనక భాగం మావైపు ఉంటుంది. చూసేవాళ్ళెవరూ ఉండరు, అందరి మొహాలూ వెనక తలుపు వైపే ఉంటాయి కాబట్టి. మోకాళ్ళు పనిచెయ్యని వాళ్ళం మాత్రం కూర్చునే ఉంటాం. ఆడవాళ్ళ వైపు అలాంటివాళ్ళం ఇద్దరమే, నేను, హెలెనా.

ఇసాక్ కోటు అంతవరకూ కప్పే ఉంచింది. వంగగానే కోటు పైకి జరిగింది. మరీ వంగి తల బల్లకి ఆనించేసరికి, బిగుతుగా లాగిన నల్ల గుడ్డ మీద, ఎర్రగా, నిండుగా, మా ఇద్దరి వైపే చూస్తూ, కోడిపుంజు.

నేను చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాను. హెలెనా నిటారుగా కూర్చుంది. మెడ దగ్గర ఎరుపు మొదలై చెవుల దాకా పాకింది. చర్చి అంతా నిశ్శబ్దం. ఆ రోజు పాస్టరు గారు ప్రపంచంలో ఉన్న కష్టాలన్నీ దేవుడికి చెప్పుకుంటున్నట్టుంది, ప్రార్థన ఎంతకీ ముగియదు. ఊపిరి పీల్చుకుని పక్కకి చూశాను. హెలెనా కళ్ళు మూసుకోలేదు, చిట్లించి చూస్తోంది. చూసేది కోడిని కాదు. అంచుని.

ప్రార్థన అయ్యింది. ఇసాక్ లేచి, కోటు సర్దుకుని, ఎప్పట్లాగే గంభీరంగా పాట ఎత్తుకున్నాడు.

అందరూ బయటికి వచ్చాక మెట్ల దగ్గర మగవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. హెలెనా నేరుగా ఆ గుంపులోకి నడిచింది.

"ఇసాక్, వెనక్కి తిరుగు."

"ఎందుకక్కా?"

"తిరగమన్నానా!"

అక్క తిరగమంటే ముసలి తమ్ముడైనా తిరగాల్సిందే. హెలెనా అతని కోటు ఎత్తింది. ఊరంతా చూస్తుండగా వంగి, తోక దగ్గర గోరు పెట్టి గీకింది. పాస్టరు గారు అప్పుడే తలుపు తీసుకుని బయటికి అడుగుపెట్టి, చర్చి పెద్దావిడ పాటల పెద్దాయన వెనక చేస్తున్న పని చూసి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

నేటా పరుగెత్తుకొచ్చింది. ఇసాక్ ప్యాంటు చూసింది. ఆమె మొహంలో రక్తం లేదు. "అయ్యో దేవుడా, ఇస్త్రీ చేసి తగిలించేటప్పుడు... రెండూ నల్లవే... ఏవయ్యా, నేను కావాలని చెయ్యలేదు, ఒట్టు!"

"తెలుసులే" అన్నాడు ఇసాక్. వెనక్కి తిరగకుండానే, అక్క గోరు పని చేస్తుండగానే. "అక్కా, మెల్లగా. తోక కంటే జుట్టు దగ్గర చూడు, మొదటిది అక్కడే ఊడింది."

మేమంతా నోళ్ళు తెరిచాం.

"నీకు తెలుసా?" నేటా గొంతు కీచుగా వచ్చింది. "ఎప్పట్నుంచి?"

"రెండోది గుచ్చుకుంటే తెలీకుండా ఎలా ఉంటుందే? మొదటిది కూడా తెలుసు, కాఫీ కొట్టు అద్దంలో కనపడింది."

"మరి ఒక్క మాట అనలేదేం?"

ఇసాక్ మాటలు పొదుపుగా వాడే మనిషి, అంత మంది ముందు మరీ కష్టపడ్డాడు. "నువ్వు మంగళవారం మంగళవారం చర్చి నుంచి ఇంటికొచ్చి మాట్లాడకుండా కూర్చుంటున్నావు. పెళ్ళైనప్పట్నుంచీ మన ఇంట్లో నువ్వు మాట్లాడని రోజు లేదు. నాకది బాగోలేదు. కోడితో తీరేదైతే కోడినే మోస్తాననుకున్నా."

"సరే, పొలానికి మోశావు. చర్చికి కూడానా? పొద్దున వేసుకున్నప్పుడు చూసుకోలేదూ?"

"చూశాను. మోకాళ్ళ దగ్గర చిరుగు కనపడింది. మార్చుకుందామని సగం విప్పాను కూడా." ఇసాక్ అక్క వైపు తల తిప్పాడు. "అప్పుడు గుర్తొచ్చింది, ప్రార్థనలో అక్క వంగదు కదా అని."

ఇన్నేళ్ళూ ఊళ్ళో అల్లరి అంతా నేటాదే అనుకుని, ఇసాక్‌ని పాపం అని జాలిపడ్డాను. నా జాలి అంతా దండగ.

హెలెనా నడుము పట్టుకుని లేచింది. గోటిని ఎండలో పెట్టి చూసుకుంది. దాని కింద ఒక్క పోగు కూడా లేదు. ఎవరితోనూ ఏమీ అనలేదు, కారెక్కి వెళ్ళిపోయింది. నేటా మెట్ల మీదే కూలబడింది. "అవునందా, కాదందా గ్రేటా? ఏమీ అనలేదే!" అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. వాచిన ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. నాకు హెలెనా మీద ఒళ్ళు మండిపోయింది. అవునని చెప్పడానికి ఒక్క మాట ఖర్చవుతుందా?

మంగళవారం నేటా రానంది. నేను లాక్కొచ్చాను. నేలమాళిగలోకి దిగుతుంటే ఆమె తనంత తనే కాఫీ పొయ్యి వైపు నడిచింది, అలవాటైపోయింది మరి. నేను కప్పులు అందుకున్నాను.

"నేటా" అని పిలిచింది హెలెనా.

చట్రం మీద కొత్త బొంత బిగించి ఉంది. చుట్టూ ద్రాక్షతీగల గుర్తులు పెట్టి ఉన్నాయి. నడుమ పెద్ద తెల్ల గుడ్డ ఖాళీగా ఉంది. నేటా కుర్చీ మీద కోటు లేదు. ఎదురుగా గోడ వారన ఇస్త్రీ బల్ల వేసి ఉంది, దాని పక్కన కుట్టుమిషను. హెలెనా దాన్ని తన ఇంటి నుంచి మోయించుకొచ్చినట్టుంది. మిగతా ఆడవాళ్ళు సూదులు పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లల్లా కూర్చుని ఉన్నారు.

"కోడి వద్దు" అంది హెలెనా. "యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన పిల్ల కప్పుకునే బొంత మీద ఆ బాతుమొహం కోడి నాకొద్దు. పావురం పెట్టు. అంచు ఎలా నిలబెట్టావో మాకందరికీ చూపించు." తన చేతులకేసి చూసుకుంటూ అంది, "మొన్న చలికాలం నుంచి నాకు కూడా పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవట్లేదు."

హెలెనా నోటి నుంచి అలాంటి మాట ఎవరం వినలేదు. నేటా నోరు తెరిచింది. ఆ నోట్లో వదినకి చెప్పాల్సిన జవాబులు కనీసం పదైనా ఉండి ఉంటాయి, అన్నేళ్ళుగా దాచిపెట్టినవి. ఒక్కటీ బయటికి రాలేదు.

"ముందు ఇస్త్రీపెట్టె వేడెక్కనివ్వండి" అంది. అని మాకు మొహం కనపడకుండా గోడ వైపు తిరిగి నిలబడింది.

మా చర్చి ఇస్త్రీపెట్టె చాలా పాతది. వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఎవరూ ఆమెని తొందరపెట్టలేదు.